ఇద్దరు మియావ్ లింగ్‌లు

వయసైపోయింది కాబట్టి లువో టీచర్ వెళ్ళిపోయిందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా యూనివర్సిటీలో ఇప్పుడు అందరిదీ అదే మాట. క్యాంటీన్‌లో గరిటె పట్టుకునేవాడి దగ్గర్నుంచి, ఆమె దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని ఇక్కడే ఉద్యోగాల్లో కుదురుకున్న లెక్చరర్ల దాకా, "పాపం, అరవై నిండాయి కదా, రూలు అలా ఉంది మరి" అని ఓ నిట్టూర్పు విడిచి నూడుల్స్ జుర్రుకుంటారు. నాకు అరవై రెండు. నాలుగో నంబరు ఆడపిల్లల హాస్టల్ గేటు గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఇంకా కూర్చుంటాను. నన్నెవడూ పొమ్మనలేదు. కాబట్టి వయసు కథలు నా దగ్గర చెప్పొద్దు. జరిగిందేంటో నేను చెబుతాను.

నా పేరు యెన్. ఊరి బయట ఊలు మిల్లు మూతపడ్డాక ఇక్కడ చేరాను. పిల్లలు మొహం ముందు యెన్ పిన్ని అంటారు, వెనకాల మైకు అంటారు. అననీ. మూడంతస్తుల నిండా ఆడపిల్లలు, దుప్పట్లు ఎవరివి ఎవరు ఎత్తుకెళ్ళారో తెలీదు, కాలవల నిండా వెంట్రుకలు, ఒక్కొక్కరికీ ఒక్కో ఏడుపు. మెల్లగా మాట్లాడితే ఎవరికి వినపడుతుంది?

మా యూనివర్సిటీకి విదేశీ టీచర్లు వస్తుంటారు, పోతుంటారు. ఒకాయన నవంబరులో హీటింగ్ ఇంకా వేయలేదని అలిగి డిసెంబరుకి విమానం ఎక్కేశాడు. ఇంకొకావిడ ఓ పిల్లిని పెంచి, దాన్ని నా గుమ్మంలో వదిలేసి చెప్పకుండా పోయింది. ఆ పిల్లి ఇప్పటికీ నా అన్నమే తింటోంది. వాళ్ళంతా పదిరోజులకే "చైనా అంటే ఏంటో నాకు తెలుసు" అనేవాళ్ళు. లువో టీచర్ ఆ మాట ఒక్కరోజు కూడా అనలేదు, ఇరవై ఏళ్ళు పైబడ్డాక కూడా.

ఆమె అసలు పేరు నెరిస్ లాయిడ్. బ్రిటన్‌లో వేల్స్ అనే కొండల చోటు నుంచి వచ్చింది. అక్కడ ఆమె పాఠాలు చెప్పే బడి పిల్లలు లేక మూసేస్తే, ఏడాది ఉండి చూద్దామని ఈ కాన్సూ కొండల్లోకి వచ్చింది. ఆ ఏడాది అవ్వనే లేదు. లాయిడ్ అని ఎవరికీ నోరు తిరక్క లువో చేశారు.

నేను ఆమెను మొదటిసారి చూసింది మా వేణ్ణీళ్ళ గది దగ్గర. వాళ్ళ బిల్డింగులో బాయిలర్ చెడిపోయిందని ఫ్లాస్కు పట్టుకుని పిల్లల వరసలో నిలబడింది. మంచులో పెట్టి ఉంచిన ఫ్లాస్కులో మరిగే నీళ్ళు పట్టింది. అది ఠప్పున పేలి గాజు ముక్కలు ఇంతదూరం పడ్డాయి. నాకు వచ్చిన కోపానికి ఆమె విదేశీ అని కూడా చూడలేదు. అవి చేతులా చెక్క ముక్కలా అని మొదలుపెట్టి మా ఊరి యాసలో దంచి వదిలాను. ఆమె తల వంచుకుని అంతా వింది. నేను ఊపిరి పీల్చుకోడానికి ఆగగానే, "మూడో తిట్టు నాకు అర్థం కాలేదు అక్కా, ఇంకోసారి తిట్టరా?" అంది. వరసలో ఉన్న పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. మర్నాడు అదే తిట్టు సంతలో ఆపిల్స్ అమ్మే ఆవిడ మీద ప్రయోగించి, పుచ్చులు ఏరేసి మంచివి తెచ్చుకుంది. అప్పట్నుంచి ఆమె భాషకి నేను గురువుని. పుస్తకాల భాష ఎవరో నేర్పారు, బతికే భాష నేను నేర్పాను.

ఆదివారం మధ్యాహ్నాలు నా గేటు గదిలో ఇద్దరం ఆకుకూరలు పులియబెట్టిన నీళ్ళలో నూడుల్స్ వేసుకుని తినేవాళ్ళం. మొదట్లో ఆ పులుపుకి మొహం అష్టవంకర్లు తిప్పేది. తర్వాత తర్వాత నా కుండలోంచి నీళ్ళు తీసుకెళ్ళి వాళ్ళింట్లో తనే పులియబెట్టుకుంది. వాళ్ళ కిటికీ కింద ఉల్లికాడలు వేసింది. పక్కింటి ప్రొఫెసరు వాటిని కోసుకుపోతే కిటికీలోంచే అరిచి పరువు తీసింది. ఇంకేం కావాలి, మా ఊరి మనిషి అవ్వడానికి?

పాఠం చెప్పడం మాత్రం ఆమెకు పిచ్చి. మా పిల్లలకు పొద్దున్నే చెట్ల కింద నిలబడి పుస్తకంలో ఉన్నది పైకి చదవడం అలవాటు. వందమంది వంద రకాలుగా అరుస్తారు, ఎవరిది ఎవరికీ వినపడదు. లువో టీచర్ అలా ఊరుకునేది కాదు. ఒకర్ని బాస్కెట్‌బాల్ కోర్టు ఈ చివర, ఇంకొకర్ని ఆ చివర నిలబెట్టేది. పుస్తకం లాక్కునేది. పొద్దున ఏం తిన్నావో, నీ పక్క మంచం పిల్ల మీద నీకు ఎందుకు కోపమో, ఇక్కణ్ణుంచి అక్కడికి వినపడేలా ఇంగ్లీషులో చెప్పమనేది. నాకు ముక్క అర్థం కాకపోయినా చూడ్డానికి సరదాగా ఉండేది.

అక్కడికి రాని పిల్ల ఒకతే. మియావ్ లింగ్.

మియావ్ లింగ్ కొండ మీది పల్లె నుంచి వచ్చింది. వాళ్ళది ఆపిల్ తోట. పుట్టడమే పై పెదవి చీలి పుట్టింది. చిన్నప్పుడు ఎవరో కుట్టారు, కుట్టినవాడు సరిగ్గా కుట్టలేదు. మాట ముక్కులోంచి వస్తుంది. మాట్లాడినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. టీచర్ అవ్వాలని ఆశ. అదేం ఆశే, అని క్లాసులో పిల్లలు నవ్వేవాళ్ళు. పొద్దున్నే అందరూ చెట్ల కిందికి పోయాక ఈ పిల్ల మూడో అంతస్తు బాత్‌రూములో కుళాయి మొత్తం తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున చదువుకునేది. నీళ్ళు పోతున్నాయేంటని తిట్టడానికి వెళ్ళి విన్నాను. తిట్టకుండా దిగొచ్చేశాను. ఆ సాయంత్రం లువో టీచర్‌కి చెప్పాను.

తర్వాత ఏడాదిపాటు ఆమె ఆ పిల్లని వదల్లేదు. రోజూ సాయంత్రం ఇద్దరూ వెయ్ నది గట్టు మీద నడిచేవాళ్ళు. మొదటి నెల టీచర్ ఒక్కతే మాట్లాడేది. ఆ తర్వాత ఈ పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగేది. ఓ రోజు తిరిగొస్తుంటే చూశాను, పిల్ల రెండు చేతుల్లోనూ ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులున్నాయి, నోటికి అడ్డం ఏమీ లేదు, ముక్కుతో గలగలా ఏదో చెప్పుకుపోతోంది. గేటు దగ్గర నన్ను చూసి సిగ్గుపడింది. నేను చూడనట్టు మొహం తిప్పుకున్నాను.

ఇంతలో లువో టీచర్‌కి అరవై దగ్గరపడ్డాయి. అరవై దాటిన విదేశీయులకు పని అనుమతి ఆగిపోతుంది. యూనివర్సిటీ ప్రత్యేకంగా అడిగితేనే పొడిగిస్తారు. మా ఇంగ్లీషు విభాగం డీన్ పేరు షాంగ్. జుట్టుకి నల్ల రంగు, చేతిలో ఎప్పుడూ ఎర్రపళ్ళు వేసిన వేణ్ణీళ్ళ గ్లాసు, గొంతు నెయ్యి రాసినట్టు ఉంటుంది. జీవితంలో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడి ఉండడు. అలాంటివాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు. మార్చిలో ఆయన ఆమెను పిలిచి, మే నెలలో రాజధాని నుంచి పరిశీలన బృందం వస్తోందని, వాళ్ళు కూర్చుని చూసే పాఠం ఆమెదేనని చెప్పాడు. ఆ పాఠం బాగా జరిగితే పొడిగించమనే విన్నపం తన చేత్తో తానే పంపిస్తానన్నాడు.

ఆ ఆదివారం నూడుల్స్ గిన్నె ముందు కూర్చుని ఆమె చాలాసేపు చాప్‌స్టిక్స్‌తో కెలుకుతూ ఉండిపోయింది. పంపించేస్తే ఎక్కడికెళ్తావని అడిగాను. వేల్స్‌లో తమ్ముడు చనిపోయాక ఇల్లు అమ్మేశారట. "అక్కడ ఏ బస్సు ఎక్కాలో కూడా నాకు తెలీదు అక్కా" అంది. ఫ్లాస్కు పేలినా, ఐసు మీద జారి మోకాలు పగిలినా భయపడని మనిషి. ఆ రోజు ఆమెకు భయం వేయడం నా కళ్ళతో చూశాను.

పరిశీలన బృందం అంటే మా దగ్గర ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళకు తెలుసు. గోడలకు రంగులు వేశారు. కుండీలు అద్దెకు తెచ్చి వరసగా పెట్టారు. హాస్టల్లో దుప్పట్లన్నీ ఇటుకల్లా నాలుగు మూలలూ తీర్చి మడవమన్నారు. పిల్లలు ఆ మడత పాడవుతుందని రాత్రి దుప్పటి కప్పుకోకుండా కోట్లు వేసుకుని పడుకున్నారు. పాఠం కూడా అంతే. రెండు నెలల ముందు నుంచీ అదే పాఠం, అవే ప్రశ్నలు, అవే జవాబులు. ఎవరిని అడిగినా అందరూ చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడి చెయ్యి, రానివాళ్ళు ఎడమ చెయ్యి. టీచర్ కుడి చేతులవాళ్ళనే లేపాలి. పాతరోజుల్లో అయితే లువో టీచర్ ఇది విని పగలబడి నవ్వి, చెయ్యనని చెప్పి వచ్చేసేది. ఈసారి సరేనంది. నాకు కోపమొచ్చింది, అన్నాను కూడా. "నాకు ఇక్కడే ఉండాలని ఉంది అక్కా" అంది.

ఒక్క విషయంలో మాత్రం ఆమె పట్టు వదల్లేదు. మియావ్ లింగ్ మాట్లాడాలి. నాలుగే నాలుగు వాక్యాలు, ఆ పిల్ల సొంతంగా రాసుకున్నవి. టీచర్ వాటిని నాకు చైనీస్‌లో చెప్పి వినిపించింది. మా ఇల్లు కొండ మీద ఉంది. జూన్ నెలలో మా అమ్మ చెట్టు మీద ఉన్న ప్రతి ఆపిల్‌కీ కాగితం సంచి తొడుగుతుంది. చిన్నప్పట్నుంచీ నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాను. ఇక పెట్టుకోను, ఎందుకంటే నేను టీచర్ని అవుతాను. అంతే. డీన్ షాంగ్ విని, చాలా బావుంది, తప్పకుండా చెప్పించండి అన్నాడు. నెయ్యి గొంతుతోనే.

పరిశీలన రోజు పొద్దున్నే విద్యార్థుల బాగోగులు చూసే ఫాన్ అనే కుర్ర ఉద్యోగి నా గేటు గదికి వచ్చాడు. లువో టీచర్ క్లాసులో ఏడుగురు అమ్మాయిలు ఇవాళ బయటికి రాకూడదట. చదువులో వెనకబడ్డవాళ్ళు అయిదుగురు, మొహమంతా మొటిమలున్న పిల్ల ఒకతె, మియావ్ లింగ్. వాళ్ళ బదులు పై క్లాసుల నుంచి చక్కగా మాట్లాడే అమ్మాయిలను తెచ్చి కూర్చోబెడుతున్నారు. బృందం వెళ్ళిపోయేదాకా నేను గేటు తాళం తియ్యకూడదు. ఇదంతా చెబుతూ నా వైపు చూడకుండా పిల్లివైపు చూశాడు.

ఇదేం పనిరా అని నేను లేచాను. కెమెరాలు వస్తున్నాయి పిన్నీ, పైనుంచి ఆర్డరు, నన్నేం చెయ్యమంటారు అన్నాడు. లువో టీచర్‌కి తెలుసా అని అడిగితే నీళ్ళు నమిలాడు. ఆమెకు ఫోన్ చేశాను. క్లాసుకి వెళ్ళేముందే ఫోన్లన్నీ తీసేసుకున్నారట. ఫాన్ నా గుమ్మంలోనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మెట్ల మీద మియావ్ లింగ్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, జడ వేసుకుని నిలబడి ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగి పైకెళ్ళింది. కాసేపటికి కుళాయి చప్పుడు వినిపించింది.

క్లాసులో ఏం జరిగిందో తర్వాత పిల్లలు చెప్పారు. బృందం వెనక వరసలో కూర్చుంది, డీన్ వాళ్ళ పక్కన. లువో టీచర్ లోపలికి వచ్చి ఓ క్షణం ఆగింది. ఏడు కుర్చీల్లో తనకు తెలియని మొహాలు. చేతులు లేచాయి, జవాబులు వచ్చాయి, బృందం తలలూపింది. ఆమె ఎలాగోలా నడిపించుకుంటూ వచ్చింది. చివర్లో, ఇంక తప్పదన్నట్టు, మియావ్ లింగ్‌ని పిలిచింది. మియావ్ లింగ్ సీటులోంచి ఓ పొడుగాటి అందమైన పిల్ల లేచింది. గుండ్రటి నోరు, ముత్యాల్లాంటి పళ్ళు. మా ఇల్లు కొండ మీద ఉంది అని మొదలుపెట్టి, టీవీలో వార్తలు చదివేదానిలా ఆ నాలుగు వాక్యాలూ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. చిన్నప్పట్నుంచీ నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను అని ఆ చక్కటి నోటితో చెప్పింది. బృందం చప్పట్లు కొట్టింది.

లువో టీచర్ ఆ పిల్లని పేరు అడిగిందట. మియావ్ లింగ్ అని చెప్పింది ఆ పిల్ల, కిందికి చూస్తూ. టీచర్ చాక్‌పీసు బల్ల మీద పెట్టింది. అందరూ దయచేసి కూర్చోండి, నేనిప్పుడే వస్తాను అని చెప్పి తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది.

నేను కిటికీలోంచి చూశాను. కోటు కూడా లేకుండా, అద్దె కుండీల మధ్యనుంచి దారి కూడా చూసుకోకుండా వస్తోంది. ఒక కుండీ పడింది, వెనక్కి చూడలేదు. ఫాన్ లేచి నిలబడి, టీచర్, పాఠం మధ్యలో ఉంది కదా అన్నాడు. ఆమె వాడిని చూడనేలేదు. "అక్కా, తలుపు తియ్యి" అంది.

ఫాన్ నా వైపు తిరిగాడు. "పిన్నీ, తీస్తే ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాడు. వాడికి తెలిసిన బెదిరింపు అదొక్కటే. నా ఇష్టమేరా అని తాళం తీశాను.

మేమిద్దరం పైకెళ్ళాం. మియావ్ లింగ్ బాత్‌రూము గట్టు మీద కూర్చుని ఉంది. టీచర్ని చూసి లేచి గోడకు అతుక్కుపోయింది. కుళాయి నేనే కట్టేశాను. రమ్మంది టీచర్. పిల్ల తల అడ్డంగా ఊపింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది. "మీరు వెళ్ళిపోండి టీచర్. నేను వచ్చి మాట్లాడితే పాఠం పాడవుతుంది, మిమ్మల్ని మీ దేశం పంపించేస్తారు. ఫాన్ సార్ మూడు రోజుల కిందే చెప్పారు. ఆ అక్కకి నేనే నేర్పాను. నాకంటే బాగా చెబుతుంది."

చూశారా, ఆ పిల్లకి ముందే తెలుసు. పొద్దున తెల్ల చొక్కా వేసుకుని మెట్ల మీద నిలబడింది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. చివరి నిమిషంలో ఎవరైనా మనసు మార్చుకుని పిలుస్తారేమోనని. వాళ్ళు పిల్లని బెదిరించలేదు, తిట్టలేదు. నీ టీచర్ మీద నీకు ప్రేమ ఉంటే నోరు మూసుకో అన్నారు. వాళ్ళ చేతులు విరగ. కొట్టినా ఇంత పాపం కాదు.

లువో టీచర్ ఆ తడి నేల మీదే కూలబడింది. నేను నేర్పిన తిట్లలో అన్నిటికంటే మోటుది ఒకటి నోట్లోంచి వచ్చింది, ఎవర్ని తిట్టిందో తెలీదు. తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుని నోటి మీంచి మెల్లగా దించింది.

"నేను ఇక్కడ ఉండటం కోసం నువ్వు నోరు మూసుకుంటే, నేను ఇక్కడ ఉండి ఏం చెయ్యాలే?" అంది. "లే. పద."

ఏడుగురినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. నేనూ వెళ్ళాను, గేటు ఎవరు చూస్తారో చూసుకోనీ అని. క్లాసు వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. టీచర్ నేల మీద కూర్చున్న తడి ఆమె బట్టల మీద అలాగే ఉంది. అరువు తెచ్చిన అమ్మాయిలు లేచి గోడ వారగా నిలబడ్డారు. మియావ్ లింగ్ తన సీటు దగ్గరికి వెళ్ళి నిలబడి, రెండు చేతులూ బల్లకి ఆనించి, ఆ నాలుగు వాక్యాలూ చెప్పింది. ముక్కుతోనే చెప్పింది. మధ్యలో ఒకచోట ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. నాకు ఇంగ్లీషు రాదు, కానీ ఆ పిల్ల ఏ వాక్యంలో ఉందో తెలుస్తూనే ఉంది. చివరి వాక్యానికి గొంతు పెద్దదైంది.

బృందం పెద్ద, తలంతా నెరిసిన పెద్దమనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు వీళ్ళ బండారం బయటపడుతుంది అని నేను ఎదురుచూశాను. అడిగాడు కూడా, ఈ ఇద్దరిలో మియావ్ లింగ్ ఎవరు అని. డీన్ షాంగ్ లేచాడు. మొహంలో చిన్న ముడత కూడా లేదు.

"మా దగ్గర ఇద్దరు మియావ్ లింగ్‌లు ఉన్నారండీ" అన్నాడు. "ఇద్దరూ ఒకే పల్లె."

పెద్దమనిషి కళ్ళజోడు పెట్టుకున్నాడు. మంచి పేరు, అందుకే ఎక్కువ పెడతారు అన్నాడు. వెనక వరస అంతా నవ్వింది. ఒకే పేరు, ఒకే పల్లె, ఒకే అమ్మ, ఒకే ఆపిల్ చెట్లు. అబద్ధమని వాళ్ళకు తెలుసు, వాళ్ళకు తెలుసని డీన్‌కి తెలుసు. అయినా నవ్వుకుని, టీ తాగి, ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. మా విభాగానికి "అత్యుత్తమం" వచ్చింది. దాన్ని ఎర్ర గుడ్డ మీద రాయించి నా హాస్టల్ ఎదురుగానే కట్టారు. తాళం తీసినందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఏమైనా అంటే అదంతా జరిగిందని ఒప్పుకున్నట్టు కదా.

పాఠం అత్యుత్తమమే కదా, మరి విన్నపం సంగతేంటని లువో టీచర్ అడిగితే, పైవాళ్ళు చూస్తున్నారన్నాడు డీన్. జూన్ అంతా చూస్తూనే ఉన్నారు. జూలై రాగానే, కుదరలేదు, చాలా బాధగా ఉంది అన్నాడు. రెండు వారాల్లో దేశం వదలాలి. ఆ మాట హాస్టల్లో పాకింది. మియావ్ లింగ్ ఆ రోజు నోరు తెరిచింది కాబట్టే టీచర్ని పంపించేస్తున్నారని పిల్లలు గుసగుసలాడారు. ఎవరూ ఆ పిల్ల మొహం మీద అనలేదు, కానీ వేణ్ణీళ్ళ వరసలో ఆమె వెనక ఎవరూ నిలబడటం లేదు. ఆ పిల్ల నది గట్టుకి వెళ్ళడం మానేసింది. అన్నం సరిగ్గా తినడం లేదు. నాతో మాట్లాడినా మళ్ళీ నోటికి చెయ్యి అడ్డం. ఏడాది కష్టం రెండు రోజుల్లో బూడిదపాలైంది.

నేను ఊరుకునే మనిషిని కాను. ఏప్రన్ కూడా విప్పకుండా డీన్ ఆఫీసుకి వెళ్ళాను. ఆయన లేచి, అక్కా రండి అని సోఫాలో కూర్చోబెట్టి, తన చేత్తో టీ పోసిచ్చాడు. మర్యాదకేం తక్కువ లేదు. ఆ ఒక్క పిల్ల నాలుగు మాటలు మాట్లాడినందుకే ఇంత శిక్ష వేశారా అని అడిగేశాను.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. అబ్బే, అదేం కాదు, దానికీ దీనికీ సంబంధం లేదు అన్నాడు. పొడిగించమనే విన్నపం పంపాల్సిన గడువు కొత్త సంవత్సరం సెలవులకు ముందే అయిపోయిందట. పనుల్లో పడి మర్చిపోయారట. అది మార్చికే ఆయనకు తెలుసట. అయితే మార్చిలో ఆమెకు మాట ఎందుకిచ్చావయ్యా అన్నాను.

"పరిశీలన ముందు ఉంది కదా అక్కా. టీచర్ మనసు పాడైతే పాఠం పాడవుతుంది" అన్నాడు. టీ చల్లారుతోంది, తాగండి అన్నాడు.

అక్కడ నేను ఏమన్నానో రాయను, అచ్చులో పడే మాటలు కావు. ఆయన అంతా నవ్వుతూ విని నన్ను తలుపు దాకా సాగనంపాడు. గోడకి కొట్టిన బంతి నాకే తిరిగొచ్చినట్టయింది.

అక్కణ్ణుంచి తిన్నగా లువో టీచర్ ఇంటికెళ్ళాను. సూట్‌కేసుల మధ్య నేల మీద కూర్చుని, పులిసిన నీళ్ళ కుండ ఎవరికి ఇవ్వాలా అని చూస్తోంది. చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. కుండ మీద మూత తీసి, మళ్ళీ పెట్టింది. లింగ్‌కి చెప్పావా అని అడిగింది. లేదన్నాను. "ముందు దానికి చెప్పు అక్కా. తన వల్లే అనుకుంటోంది" అంది.

మియావ్ లింగ్ డాబా మీద దుప్పట్లు ఎండబెడుతోంది. నేను మెట్లెక్కి ఆయాసపడుతూనే మొదలుపెట్టాను. నీ వల్ల కాదే పిచ్చిపిల్లా, నీ మాటలకీ దీనికీ సంబంధమే లేదు, గడువు ఎప్పుడో దాటిపోయింది, నువ్వు మాట్లాడినా ఆమె వెళ్ళాల్సిందే, మాట్లాడకపోయినా వెళ్ళాల్సిందే, ఆ డీన్ గాడికి మార్చిలోనే తెలుసు అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆ పిల్ల గుండెల మీంచి బరువు దిగుతుందని నా ఆశ. నవ్వకపోయినా కనీసం ఏడుస్తుందనుకున్నాను.

ఆ పిల్ల చేతిలో ఉన్న దుప్పటిని తీగ మీద వేసి అంచులు సరిచేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నన్ను అడిగింది.

"అయితే పిన్నీ, నేను ఆ అక్కకి నా మాటలు నేర్పి, బాత్‌రూములో నోరు మూసుకుని కూర్చున్నది కూడా ఉత్తినేనా?"

అవునే తల్లీ, ఉత్తినే, అన్నాను.